అంగదేవుణ్ణి నడిపించేది ఎవరు?

చైతన్యం గురించి ఆక్స్‌ఫర్డ్‌లో సాగిన వాదానికి బస్తర్ గోండుల దగ్గర దొరికిన మరో కోణం

బస్తర్‌లో మురియా గోండుల జాతరకు వెళ్లిన కొత్తవారి చూపు మొదట ఆగేది అంగదేవుడి మీద. అది గుడిలో నిలిచి పూజలందుకునే విగ్రహం కాదు. సమాంతరంగా అమర్చిన రెండు పొడవాటి దుంగలు, వాటిని కలిపి కట్టిన అడ్డకర్రలు, నడుమ పడగవలె తల ఎత్తిన మరో దుంగ. వాటికి వెండి బిళ్లలు, నెమలి ఈకల కుచ్చులు. నలుగురు మనుషులు దాన్ని భుజాల కెత్తుకుంటారు. వాద్యాలు మోగగానే అది ముందుకు దూకుతుంది, వెనక్కు తగ్గుతుంది, ఉన్నట్టుండి గిర్రున తిరుగుతుంది. రోగం ఎందుకు వచ్చింది, ఏ మొక్కు తీరకుండా ఉండిపోయింది అని ఊరివారు అడిగే ప్రశ్నలకు ఆ కదలికే సమాధానం.

మోసేవారిని అడిగితే తాము నడిపించడం లేదనీ, దేవుడే తమను లాక్కుపోతున్నాడనీ చెబుతారు. ఇది మూఢనమ్మకమని కొట్టిపారవేయడం తేలిక. కాని ఆ మాట వెనుక ఉన్న ప్రశ్నను కొట్టిపారవేయడం అంత తేలిక కాదు. ఎవరి సంకల్పం ఎవరి శరీరాన్ని నడిపిస్తున్నది? మనస్సు ఒక మనిషి పుర్రెలోపల మాత్రమే ఉండే వస్తువా? తనకంటె వేరైన చైతన్యం మనిషిని ఆవహించగలదా? పాశ్చాత్య తత్త్వశాస్త్రం మూడు వందల ఏళ్లుగా వాదించుకుంటున్న ప్రశ్నలు ఇవే. వాటికి దొరికిన సమాధానాలను ఆక్స్‌ఫర్డ్‌లో క్షుణ్ణంగా చదువుకుని, వాటిలో ఒకదాన్ని బోధించడానికి భారతదేశం వచ్చిన ఒక ఆంగ్లేయుడు బస్తర్‌లో బోధకుడుగా కాక శ్రోతగా కూర్చున్నాడు. ఆయన పేరు వెరియర్ ఎల్విన్.

రాయిని తన్నిన జాన్సన్

ఆ సమాధానాలు ఏమిటో ముందుగా చూడాలి. మొదటిది భౌతికవాదిది. 1850 ప్రాంతంలో ఇంగ్లండులో బల్ల చుట్టూ కూర్చుని చేతులు దానిమీద ఆనించి ఆత్మలను పిలవడం ఒక వేడుకగా మారింది. బల్ల నిజంగానే కదిలేది. 1853లో ప్రసిద్ధ శాస్త్రవేత్త మైకేల్ ఫారడే చేతులకూ బల్లకూ మధ్య ఒక చిన్న సాధనం అమర్చి పరీక్షించాడు. బల్లకంటె ముందు చేతులే కదులుతున్నాయని తేలింది. కూర్చున్నవారు మోసగాళ్లు కారు. తాము నెట్టుతున్న సంగతి వారికే తెలియదు. ఆ సంగతి వారి కంటికి కనిపించేటట్టు చేయగానే బల్ల కదలడం మానుకుంది. అంగదేవుడి విషయంలోనూ ఇదే జరుగుతున్నదని భౌతికవాది అంటాడు: కండరాలు నెట్టుతాయి, మనస్సుకు ఆ వార్త అందదు.

రెండవది భావవాదిది. ఐర్లండుకు చెందిన జార్జి బర్క్‌లీ 1710లో ప్రచురించిన గ్రంథంలో, అనుభవంలోకి రాని వస్తువుకు ఉనికి లేదని వాదించాడు. చెట్టు, కొండ, కుర్చీ అన్నీ ఏదో ఒక మనస్సు గ్రహించే భావాలే. మనుషులెవరూ చూడనప్పుడు కూడా కొండ నిలిచి ఉండడానికి కారణం, దాన్ని పరమేశ్వరుడు నిరంతరం చూస్తూ ఉండడం. 1763లో డాక్టర్ శామ్యూల్ జాన్సన్ ఈ సిద్ధాంతం ప్రస్తావన రాగానే దారిలోని పెద్ద రాయిని కాలితో తన్ని, దీనితో ఖండించానన్నాడట. బర్క్‌లీ బతికి ఉంటే నవ్వి ఉండేవాడు. ఎందుకంటే రాయి గట్టిదనం, కాలి నొప్పి కూడా అనుభవాలేనన్నది ఆయన వాదం.

బర్క్‌లీ తరువాతి కాలంలో బిషప్ అయినవాడు. నాస్తికుల నుంచి క్రైస్తవాన్ని కాపాడడానికే ఆయన భావవాదాన్ని కోటగోడగా కట్టాడు. అయితే పందొమ్మిదో శతాబ్దం చివరినాటికి ఆ గోడ మరొక దిక్కుకు తిరిగింది. 1893లో ‘అపియరెన్స్ అండ్ రియాలిటీ’ రచించిన ఎఫ్.హెచ్. బ్రాడ్లీ, సత్యం ఒక్కటే అఖండమనీ, కాలం, స్థలం, నేను, నువ్వు అనే భేదాలన్నీ పైపై తోపులేననీ ప్రతిపాదించాడు. చిక్కేమిటంటే, ఆ అఖండంలో భక్తుడి మొర వినే దేవుడు కూడా ఒక తోపుగానే మిగిలాడు. మతాన్ని రక్షించడానికి పుట్టిన సిద్ధాంతం ప్రార్థనకు చోటు లేకుండా చేసింది.

క్రైస్తవ మత సమర్థకుడి సమాధానం ఇక్కడ మొదలవుతుంది. సృష్టికర్త వేరు, సృష్టి వేరు, మనిషి వేరు, ఆ వేరు ఉన్నందువల్లనే ప్రేమకూ పాపానికీ క్షమకూ అర్థం ఉన్నదని ఆయన అంటాడు. సి.ఎస్. లూయిస్ నడిచిన దారి ఇందుకు మంచి నిదర్శనం. 1920లలో భావవాదిగా ఉన్న లూయిస్, తత్త్వవేత్తల అఖండ బ్రహ్మంతో మనిషికి సంబంధం కుదరదని గ్రహించి ముందు దైవాన్నీ, 1931లో క్రైస్తవాన్నీ స్వీకరించాడు. 1947లో వెలువడిన ‘మిరకిల్స్’ గ్రంథంలో ఆయన భౌతికవాదాన్ని దాని ఆయుధంతోనే కొట్టబోయాడు: ఆలోచన అంతా అచేతనమైన కారణాల ఫలితమే అయితే, ఆ ఆలోచన ద్వారా దొరికిన భౌతికవాదాన్ని మాత్రం ఎందుకు నమ్మాలి? 1948 ఫిబ్రవరిలో ఎలిజబెత్ ఆన్స్‌కోమ్ అనే యువ తత్త్వవేత్త ఆక్స్‌ఫర్డ్ సభలో ఆ వాదంలోని లోపాన్ని ఎత్తి చూపింది. ఆమె నిష్ఠగల కాథలిక్కు. అంటే ఇది విశ్వాసికీ అవిశ్వాసికీ జరిగిన పోరు కాదు, తర్కానికీ తర్కానికీ జరిగిన పరీక్ష. లూయిస్ 1960 ముద్రణలో ఆ అధ్యాయాన్ని తిరగరాశాడు.

మద్రాసు తరగతి గదిలో

ఈ వాదం భారతదేశానికి పరాయిది కాదు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో తత్త్వశాస్త్రం చదువుకున్న సర్వేపల్లి రాధాకృష్ణన్, వేదాంతంలో నీతికి చోటు లేదన్న మిషనరీల విమర్శకు జవాబుగా 1908లో తన ఎం.ఏ. వ్యాసం రాశారు. లోకం మాయ అయితే మంచిచెడ్డలు కూడా మాయే కదా అన్నది ఆ విమర్శ. ఆయన గురువుల్లో ఒకరైన స్కాట్లండు మిషనరీ ఏ.జి. హాగ్ శిష్యుడి వ్యాసాన్ని మెచ్చుకున్నారు. 1929లో ఇచ్చిన ఉపన్యాసాలను రాధాకృష్ణన్ 1932లో ‘యాన్ ఐడియలిస్ట్ వ్యూ ఆఫ్ లైఫ్’ పేరుతో ప్రచురించి, సకల మతాలకూ అంతరానుభవమే ఆధారమని వాదించారు. హాగ్ తన వైపు నుంచి క్రైస్తవ ప్రత్యేకతను వదలకుండానే, 1938లో తాంబరంలో జరిగిన అంతర్జాతీయ మిషనరీ సభ సందర్భంలో, ఇతర మతాలవారి విశ్వాసంలో కూడా దేవుడి సన్నిధి నిజంగా ఉండవచ్చునని హెండ్రిక్ క్రేమర్ కఠిన వైఖరికి ఎదురు నిలిచారు.

ఇద్దరూ పరస్పరం గౌరవించుకున్న పండితులు. ఇద్దరికీ గ్రంథాలున్నాయి, గ్రంథాలతో గ్రంథాలకు జవాబు చెప్పుకున్నారు. గ్రంథం లేని మతాల సంగతి ఈ వాదంలో దాదాపు రానేలేదు. ఆ లోటును తన జీవితంతో పూరించినవాడు ఎల్విన్.

మెర్టన్ నుంచి కరంజియాకు

వెరియర్ ఎల్విన్ 1902లో డోవర్‌లో పుట్టాడు. తండ్రి సియెర్రా లియోన్ బిషప్. ఎల్విన్ 1921లో ఆక్స్‌ఫర్డ్‌లోని మెర్టన్ కళాశాలలో చేరాడు. 1870 నుంచి బ్రాడ్లీ ఫెలోగా ఉన్నది అక్కడే; 1924లో ఆయన కన్ను మూసేనాటికి ఎల్విన్ ఇంకా అక్కడ విద్యార్థి. ఆంగ్ల సాహిత్యంలోనూ, ఆ తరువాత దైవశాస్త్రంలోనూ ఎల్విన్ ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణుడై, 1926లో విక్లిఫ్ హాల్ మతవిద్యాలయానికి ఉపప్రధానాచార్యుడయ్యాడు. మధ్యయుగ క్రైస్తవ యోగులంటే ఆయనకు ప్రాణం. తర్కంతో దేవుణ్ణి రుజువు చేయడంకంటె మౌనప్రార్థనలో దేవుణ్ణి కలుసుకోవడం మీదనే ఆయన దృష్టి నిలిచింది.

1927లో ఆయన పూనాలోని క్రైస్త సేవా సంఘంలో సభ్యుడుగా భారతదేశం వచ్చాడు. ఖద్దరు కట్టి, శాకాహారం భుజించి, క్రైస్తవాన్ని ఈ దేశపు రీతిలో జీవించాలన్నది ఆ సంఘం ఆశయం. 1928 జనవరిలో సబర్మతి చూసిన తరువాత గాంధీజీ ప్రభావం ఆయన మీద బలంగా పడింది. 1930లో రాసిన చిన్న పుస్తకాల్లో ఆయన క్రైస్తవ ధ్యానాన్ని యోగం పక్కన, క్రీస్తును సత్యాగ్రహం పక్కన ఉంచి చూపాడు. 1932లో మిత్రుడు శ్యామరావ్ హివాలేతో కలిసి మండలా జిల్లా మైకల్ కొండల్లోని కరంజియా అనే గోండు పల్లెకు చేరాడు.

అక్కడ సంక్షోభం మొదలైంది. ప్రభుత్వం పట్ల విధేయతా ప్రమాణం చేయనిదే మతకార్యాలు నిర్వహించే అనుమతి ఇవ్వనని నాగపూర్ బిషప్ చెప్పాడు. ఎల్విన్ ఒప్పుకోలేదు. గోండులను క్రైస్తవులుగా మార్చడానికీ ఆయన పూనుకోలేదు. సత్యానికి ఒక్క చర్చి మాత్రమే వారసురాలన్న మాట ఆయన మనస్సు నుంచి క్రమంగా జారిపోయింది. 1935లో ఆయన ఇంగ్లండు చర్చితో సంబంధం తెంచుకున్నాడు. వాదంలో ఓడిపోయినందువల్ల విశ్వాసం పోయినవారి కథలు చాలా ఉన్నాయి. ఎల్విన్ కథ అలాంటిది కాదు. తన శ్రోతలకు చెప్పడానికి వచ్చిన సంగతి కన్న వారినుంచి వినవలసిన సంగతి ఎక్కువగా ఉన్నదని ఆయనకు తోచింది.

బస్తర్‌లో విన్నది

1940లో ఎల్విన్ బస్తర్ సంస్థానానికి వచ్చాడు. ఓరుగల్లు నుంచి వచ్చిన అన్నమదేవుడి వంశం తరతరాలుగా ఏలిన రాజ్యం అది. దక్షిణాన కోంటా ప్రాంతపు దోర్లాల మాటలో నేటికీ తెలుగు పలుకుతుంది. సంస్థానపు జనగణన పనితోపాటు ఆయన మురియా, మారియా పల్లెలు తిరిగాడు. 1943లో ‘మారియా మర్డర్ అండ్ సూయిసైడ్’, 1947లో ‘ది మురియా అండ్ దెయిర్ ఘోటుల్’ వెలువడ్డాయి. ఒకే విశ్వవిద్యాలయంలో ఒకే కాలంలో ఆంగ్ల సాహిత్యం చదివి ప్రథమ శ్రేణి పొందిన ఇద్దరిలో లూయిస్ 1947లో అద్భుతాలను సమర్థించే గ్రంథం ప్రచురించగా, అదే ఏడు ఎల్విన్ అద్భుతాలు నిత్యకృత్యంగా భావించే ప్రజల జీవితాన్ని వందలాది పుటల్లో నమోదు చేశాడు.

మారియాల నేరాల గ్రంథం చైతన్య చర్చకు ఊహించని కోణాన్ని చేర్చింది. నూరు హత్య కేసుల దస్త్రాలను ఎల్విన్ పరిశీలించాడు. కోర్టు ప్రతి కేసులోనూ అడిగే ప్రశ్న ఒకటే: చంపేటప్పుడు ముద్దాయి మనస్సులో ఏమున్నది? తాగిన కల్లులో కోపం పుట్టిందా? తన బిడ్డను చేతబడి చంపిందని నిజంగా నమ్మాడా? న్యాయస్థానం దృష్టిలో చేతబడి లేదు. నిందితుడి దృష్టిలో అతడు హంతకుణ్ణి శిక్షించాడు. ఉరితాడు వేలాడుతున్న చోట, మరొకరి మనోలోకం ఎంతవరకు నిజం అన్నది తీరికవేళ చర్చ కాదు. నేరాన్ని నేరంగానే చూస్తూ, మారియాల లోకాన్ని తెలుసుకోకుండా తీర్పు చెప్పరాదని ఎల్విన్ వాదించాడు.

మరణం గురించి వీరి భావన కూడా పండితుల పట్టికల్లో ఇమడదు. బస్తర్‌లో ప్రయాణించేవారికి దారి పక్కన వరుసగా నిలబెట్టిన రాళ్లు, చెక్కిన కొయ్య స్తంభాలు కనిపిస్తాయి. అవి చనిపోయినవారి గుర్తులు. వీటిని 1938లో ‘ది మారియా గోండ్స్ ఆఫ్ బస్తర్’ గ్రంథంలో డబ్ల్యు.వి. గ్రిగ్సన్ వివరించాడు. చనిపోయిన మనిషి భావవాది చెప్పినట్టు అఖండంలో కరిగిపోడు. మత సమర్థకుడు చెప్పినట్టు తీర్పు దినం కోసం ఎదురుచూడడు. భౌతికవాది చెప్పినట్టు మట్టిలో కలిసి అంతమైపోడు. అతడు పూర్వీకులలో ఒకడై తన వంశంలోనే, తన నేలమీదనే కొనసాగుతాడు. అతనికి పెట్టవలసినవి పెట్టాలి, చెప్పవలసినవి చెప్పాలి. ఆత్మ అంటే ఒక వస్తువు అనడంకంటె ఒక బంధుత్వం అనడం వారి ఆచారానికి దగ్గరగా ఉంటుంది.

ఎల్విన్ చూపును విమర్శించినవారు లేకపోలేదు. గిరిజనులను మిగతా సమాజం నుంచి వేరు చేసి చూపుతున్నాడని సమాజశాస్త్రవేత్త జి.ఎస్. ఘుర్యే 1943లోనే ఆక్షేపించాడు. ఆదివాసి జీవితంలోని ఆనందాన్ని ఎల్విన్ ఎక్కువ చేసి చూపాడన్న మాటలోనూ కొంత నిజం ఉన్నది. కాని ఆయన నమోదు చేసిన వివరాలు లేకపోతే తరువాతి పరిశోధకులకు పునాది ఉండేది కాదు.

ఊయల చెప్పిన రహస్యం

అలాంటి పరిశోధకుల్లో ఒకడు బ్రిటిష్ మానవశాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ జెల్. ఆయన 1970ల చివర భార్య సిమరన్‌తో కలిసి మురియా పల్లెలో నివసించి, 1980లో ‘ది గాడ్స్ ఎట్ ప్లే’ అనే వ్యాసం ప్రచురించాడు. పూనకం వచ్చే చోటల్లా ఊగడమో తిరగడమో తూలడమో ఉండడాన్ని జెల్ గమనించాడు. దేవుళ్లకు ఊయలలున్నాయి, పూనకం వచ్చినవారు ఊయలల మీద ఊగుతారు, నృత్యంలో శరీరం తూలుతుంది, అంగదేవుణ్ణి మోసేవారి భుజాల మీద బరువు ఎడతెగకుండా ఇటూ అటూ లాగుతుంది. జగదల్‌పూర్‌లో బస్తర్ దసరా ప్రారంభంలో ముళ్ల ఊయల మీద పడుకున్న చిన్న బాలికను కాఛిన్ దేవి ఆవహించి పండుగకు అనుమతి ఇవ్వడం కూడా ఈ వరుసలోనిదే.

మనిషి నిటారుగా, నిబ్బరంగా నిలబడి ఉన్నంతసేపు “నేను” అనే భావం స్థిరంగా ఉంటుంది. ఆ సమతూకం చెదిరినప్పుడు “నేను” పట్టు సడలుతుంది. నడుపుతున్నది తాను కాదన్న అనుభవం కలుగుతుంది. ఆ ఖాళీలోకి దేవుడు వస్తాడు. జెల్ దృష్టిలో ఇది మోసమూ కాదు, మెదడు జబ్బూ కాదు. ఒక సమాజం తరతరాలుగా నేర్చుకున్న విద్య.

ఫారడే సాధనాన్ని అంగదేవుడికి తగిలిస్తే నలుగురి భుజాలూ నెట్టుతున్నాయని తప్పక తేలుతుంది. కాని ఆ తరువాతి ప్రశ్న అలాగే మిగిలిపోతుంది. ఆ మొత్తం కదలికను నలుగురిలో ఏ ఒక్కడూ సంకల్పించలేదు. ఒకడు లాగుతాడు, రెండవవాడు సర్దుకుంటాడు, మూడవవాడు తూలుతాడు. అందరినీ మించిన ఒక నిర్ణయం తయారవుతుంది. ఊరు దాన్ని దేవుడి మాటగా స్వీకరిస్తుంది. నిర్ణయం ఏ ఒక్కడిదీ కానందువల్ల పగ కూడా ఏ ఒక్కడిమీదా నిలవదు. బర్క్‌లీ, బ్రాడ్లీ, లూయిస్ ముగ్గురూ చైతన్యాన్ని గదిలో ఒంటరిగా కూర్చున్న మనిషి నుంచి మొదలుపెట్టి ఆలోచించారు. అంగదేవుణ్ణి చూసినవాడికి, చైతన్యం మనుషుల మధ్య కూడా ఉండవచ్చునేమో అన్న ఆలోచన రాక మానదు.

సమాధి చోటు కోసం

ఇది పుస్తకాల్లో ముగిసిపోయే విషయం కాదు. 2025 జనవరి 7న బస్తర్ జిల్లాలో ఒక గ్రామానికి చెందిన క్రైస్తవ పాస్టరు మరణించాడు. ఆయనను సొంత ఊరిలో ఖననం చేయడానికి గ్రామస్థులు అభ్యంతరం చెప్పారు. తమ కుటుంబంలోని పూర్వులు అదే ఊరిలో ఖననమయ్యారనీ, కనీసం తమ సొంత భూమిలోనైనా అనుమతించాలనీ కుమారుడు కోరాడు. హైకోర్టు నిరాకరించింది. కేసు సుప్రీంకోర్టుకు చేరింది. దాదాపు ఇరవై రోజులు భౌతికకాయం శవాగారంలోనే ఉండిపోయింది.

జనవరి 27న ఇద్దరు న్యాయమూర్తులు భిన్నమైన తీర్పులు చెప్పారు. కుటుంబం తన సొంత వ్యవసాయ భూమిలో ఖననం చేసుకోవచ్చునని జస్టిస్ బి.వి. నాగరత్న అభిప్రాయపడ్డారు. క్రైస్తవులకు నిర్దేశించిన శ్మశానంలోనే జరగాలని జస్టిస్ సతీశ్ చంద్ర శర్మ అభిప్రాయపడ్డారు. విషయాన్ని విస్తృత ధర్మాసనానికి పంపితే మృతదేహం ఇంకా నిరీక్షించవలసి వస్తుంది కనుక, ఊరికి ఇరవై, పాతిక కిలోమీటర్ల దూరంలోని క్రైస్తవ శ్మశానంలో ఖననం చేయాలని ఇద్దరూ కలిసి ఆదేశించారు.

నమ్మకం మనిషి తలలోని అభిప్రాయం మాత్రమే అయితే ఈ వివాదం ఎవరికీ అర్థం కాదు. నగరంలో ఒకడు తన మతం మార్చుకుంటే పొరుగువాడికి కబురు కూడా తెలియకపోవచ్చు. చనిపోయినవారు ఊరి నేలలో సభ్యులుగా కొనసాగే చోట, ఎవరు ఎక్కడ పడుకోవాలన్నది ఎవరు మనవారన్న ప్రశ్న అవుతుంది. విశ్వాసం మారినంతమాత్రాన తండ్రి తాతల పక్కన చోటు పోతుందా అని కొడుకు అడుగుతాడు. మా చచ్చినవారి నేల నియమాలు మావి కావా అని ఊరు అడుగుతుంది. మనస్సాక్షి హక్కు ఒక వైపు, మట్టితో బంధుత్వం మరొక వైపు. మద్రాసు తరగతి గదిలో రాధాకృష్ణన్, హాగ్ మర్యాదగా వాదించుకున్న సంగతే ఇక్కడ శవాన్ని ముందు పెట్టుకుని తేల్చుకోవలసి వచ్చింది.

చైతన్యం చిక్కు నేటికీ విడలేదు. 1995లో ఆస్ట్రేలియా తత్త్వవేత్త డేవిడ్ చాల్మర్స్, మెదడు ఎలా పనిచేస్తుందో పూర్తిగా వివరించిన తరువాత కూడా, ఆ పనికి తోడుగా అనుభవం ఎందుకు కలగాలన్నది విడిగా మిగిలే కఠిన సమస్య అని ప్రకటించాడు. ఆ తరువాత పాత భావవాదానికి కొత్త సమర్థకులు బయలుదేరారు. క్రైస్తవ మత సమర్థకులు కూడా అదే సమస్యను సృష్టికర్తకు సాక్ష్యంగా చూపుతున్నారు. ఈ వాదాల్లో పాల్గొనే ప్రతివాడికీ తన చైతన్యం గురించి సందేహం లేదు. ఎదుటివాడి అనుభవాన్ని ఏ మేరకు నిజమని ఒప్పుకోవాలన్న దగ్గరే తర్కం తడబడుతుంది.

ఎల్విన్ చివరి సంవత్సరాల్లో బౌద్ధం వైపు మొగ్గాడు. 1954లో భారత పౌరుడై, ఈశాన్య సరిహద్దు ప్రాంతంలో ప్రభుత్వానికి గిరిజన వ్యవహారాల సలహాదారుగా పనిచేసి, 1964 ఫిబ్రవరి 22న ఢిల్లీలో మరణించాడు. దేవుడున్నాడని గాని లేడని గాని ఆయన ఎవరికీ రుజువు చేయలేదు. మారియా ముద్దాయి ఏమి నమ్మి ఆ పని చేశాడో తెలుసుకోనిదే తీర్పు పూర్తి కాదని మాత్రం నూరు కేసుల సాక్ష్యంతో చూపించాడు. భావవాది అయినా, మత సమర్థకుడు అయినా, న్యాయమూర్తి అయినా ముందుగా చేయవలసిన పని అదే.